ఎవరికీ చెప్పుకోలేని దురద!

తలనొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. మోకాలు నొప్పి వస్తే పక్కింటివాళ్లకీ తెలుస్తుంది. ఈ బాధ మాత్రం కట్టుకున్న మనిషికి కూడా తెలియదు. బయటికి చెప్పుకోలేక, తోచిన వైద్యం చేసుకుంటూ నెలలు, ఏళ్లు గడిపేవాళ్లెందరో. చాలామందిలో ఆ సొంతవైద్యమే బాధని పెంచి పోషిస్తుంటుంది.

మా పెదనాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అరుగు మీద పడక్కుర్చీ, చేతిలో పేపరు, పక్కన కాఫీ గ్లాసు... పొద్దున్నే కూర్చుంటే ఎండ కాళ్లమీదికి వచ్చేదాకా లేచేవారు కాదు. అలాంటి మనిషి నాలుగేళ్ల కిందట కూర్చోవడం మానేశారు. పేపరు నిలబడి చదవడం, టీవీ గుమ్మానికి ఆనుకుని చూడటం. మేనకోడలి పెళ్లిలో ముందు వరసలో కుర్చీ వేస్తే వద్దని, వెనకెక్కడో స్తంభం పక్కన నిలబడ్డారు. అందరం కలిసి తిరుపతికి బస్సు టిక్కెట్లు తీసుకుంటే, మోకాళ్ల నొప్పులని చెప్పి ఆగిపోయారు.

ఓరోజు ఫోన్ చేశారు. ‘ఒరే అబ్బాయ్, మీ పత్రికలో డాక్టర్లు జవాబులిచ్చే శీర్షిక ఉంటుంది కదా. ఒక ప్రశ్న రాసుకో. పేరు వద్దు. ఒక పాఠకుడు అని వెయ్యి’ అన్నారు. ప్రశ్నేమిటంటే కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, మొద్దబ్బాయికి లెక్క చెబుతున్నట్టు, ఒక్కో మాటా ఆచితూచి చెప్పారు. ఆసనం దగ్గర దురద. పగలు ఎలాగోలా నెట్టుకొస్తున్నారు. రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. ఏడు నెలలైంది. పెద్దమ్మకు కూడా తెలియదు!

పేరు, ఊరు రాయకూడదన్న షరతు మీద ఈ సంగతి రాసుకోవడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆ శరీరభాగానికి మన భాషలో మోటుగా ఒక మాట ఉంది, పుస్తకాల్లో మలద్వారం అనే మాట ఉంది. పెదనాన్న వాడిన ‘ఆసనం’ మర్యాదగా ఉంది కాబట్టి ఇక్కడా అదే వాడుకుందాం.

మీరొక్కరే కాదు

వైద్యులు దీన్ని ‘ప్రురైటస్ యానై’ అంటారు. ఇదేదో కొత్త రోగం పేరు అనుకుని కంగారు పడక్కర్లేదు. లాటిన్‌లో దానికి అర్థం ‘ఆసనం దురద’ అనే! జనాభాలో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా దీనితో బాధపడుతుంటారని వైద్య గ్రంథాలు చెబుతాయి. అంటే మీరు వెళ్లిన పెళ్లిలో 500 మంది భోంచేస్తే, ఐదు నుంచి పాతికమంది దాకా మా పెదనాన్నలాంటి వాళ్లే ఉండొచ్చు. ఆడవాళ్లకన్నా మగవాళ్లలో సుమారు నాలుగింతలు ఎక్కువ. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య వయసువాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. ఆడవాళ్ల లెక్క తక్కువగా కనిపించడానికి చెప్పుకోకపోవడం కూడా కొంత కారణమై ఉంటుందని నా అనుమానం.

ఈ దురద వెనక కొందరిలో ఫలానా జబ్బు ఉందని తేలుతుంది. చాలామందిలో మాత్రం ఎంత వెతికినా పెద్ద కారణమేదీ దొరకదు. ఆ చోటి చర్మం రేగి ఉంటుంది, అంతే. అది ఎందుకు రేగిందో తెలుసుకుంటే సగం వైద్యం అయిపోయినట్టే.

అక్కడే ఎందుకు?

ఆసనం చుట్టూ ఉండే చర్మం పలచన. స్పర్శ తెలిపే నాడుల కొసలు అక్కడ ఎక్కువ. రెండు పిర్రల మధ్య గాలి ఆడదు. చెమట పడుతుంది, ఒరిపిడి ఉంటుంది. వీటన్నిటికీ తోడు, మలంలో జీర్ణరసాల ఎంజైములు, సూక్ష్మజీవులు తయారుచేసే రసాయనాలు ఉంటాయి. అవి పేగులోపలి పొరని ఏమీ చేయవుగానీ బయటి చర్మానికి తగిలితే ఊరుకోవు. రవ్వంత మలం అంటుకుని ఉండిపోయినా కొద్ది గంటల్లోనే చురచుర మొదలవుతుంది. విరేచనం పలచగా అయ్యేవాళ్లకీ, గ్యాస్‌తోపాటు కాస్త తడి బయటికొచ్చేవాళ్లకీ ఈ బెడద ఎక్కువ. మొలలున్నవాళ్లకీ, అక్కడ చర్మం చిన్న పిలకలా వేలాడేవాళ్లకీ ఎంత కడిగినా ఆ మడతల్లో ఎంతో కొంత మిగిలిపోతుంది.

అయితే బాగా రుద్ది కడిగేస్తే సరిపోతుంది కదా... ఎవరికైనా వచ్చే ఆలోచన ఇదే. అసలు తంటా అంతా ఇక్కడే ఉంది.

మన చర్మం మీద సహజంగా పలచటి ఆమ్లపు పొర ఉంటుంది. కొలిస్తే దాని పీహెచ్ 5.5కి అటూఇటూగా ఉంటుంది. మామూలు సబ్బు క్షారం. దాని పీహెచ్ 9, 10 దాకా పోతుంది. రోజుకి మూడు నాలుగుసార్లు సబ్బు పెట్టి రుద్దితే ఆ పొర, దానితోపాటు చర్మంలోని నూనె, రెండూ కొట్టుకుపోతాయి. చర్మం ఎండి, కంటికి కనిపించనంత సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లిన చోట్ల మలం, చెమట మరింత సులువుగా లోపలికి దిగుతాయి. దురద పెరుగుతుంది. ‘సరిగ్గా శుభ్రం కాలేదేమో’ అని ఇంకోసారి సబ్బు! పెదనాన్న ఇక్కడితో ఆగలేదు. గాయాలు కడిగే యాంటీసెప్టిక్ మందుని మగ్గు నీళ్లలో కలిపి వాడారు. మంట పుడితే క్రిములు చస్తున్నాయని సంబరపడ్డారట.

గీరుకుంటే హాయి... ఆ తర్వాత?

గీరుకున్నప్పుడు క్షణంపాటు హాయిగా ఉంటుంది. నొప్పి సంకేతం ముందుకొచ్చి దురద సంకేతాన్ని కాసేపు మరుగున పడేస్తుంది. ఆ తర్వాత గోరు తగిలిన చర్మం వాస్తుంది, దురద పుట్టించే రసాయనాలు మరికొన్ని విడుదలవుతాయి. మళ్లీ గీరాలనిపిస్తుంది. ఈ గిరగిర నెలలపాటు సాగితే చర్మం మొద్దుబారి, మందంగా, ముడతలుగా తయారవుతుంది. ఆ మందమైన చర్మం ఇంకా ఎక్కువ దురద పెడుతుంది. మొదట దురద ఎందుకొచ్చిందన్నది అప్పటికి ఎవరికీ గుర్తుండదు. ఆ కారణం ఎప్పుడో పోయి కూడా ఉండొచ్చు. దురద మాత్రం తన కాళ్లమీద తాను నిలబడిపోతుంది.

రాత్రిళ్లే ఎందుకెక్కువ? పగలు పనిలో ఉంటాం, ధ్యాస మళ్లుతుంది. పడుకున్నాక మనమూ దురదే మిగులుతాం. దుప్పటి వెచ్చదనానికి చర్మం వేడెక్కుతుంది. వాపుని అదుపులో ఉంచే కార్టిసాల్ హార్మోను మోతాదు కూడా శరీరంలో రాత్రిపూట తగ్గుతుంది. నిద్రలో గీరుకుంటున్న సంగతి మనకే తెలియదు. పొద్దున్నే గోళ్లలో నెత్తుటి మరక చూసి హడలిపోయేవాళ్లున్నారు.

నీళ్లు మంచివే, తడే మంచిది కాదు

కాగితంతో తుడుచుకునే దేశాలవాళ్లని చూసి మనం కాస్త గర్వపడతాం. నీళ్లతో కడుక్కోవడం మంచి అలవాటే, అందులో సందేహం లేదు. గరుకు కాగితంతో రుద్దుకోవడం కన్నా చర్మానికి అదే మేలు. మనం చేసే పొరపాటు ఆ తర్వాత ఉంది. కడుక్కుని, తుడుచుకోకుండా, ఆ తడితోనే డ్రాయరు వేసేసుకుంటాం. దాని మీద బిగుతైన జీన్స్ ప్యాంటు. ఆ పైన ఆఫీసులో రెగ్జిన్ కుర్చీలో ఎనిమిది గంటలు. మే నెలలో ఆటో నడిపే మనిషి సంగతి, సింథటిక్ చీరా లంగాతో వంటింట్లో పొయ్యి ముందు నిలబడే ఇల్లాలి సంగతి చెప్పక్కర్లేదు. బట్టలు ఉతికేవాళ్ల వేళ్ల సందులు నానినట్టే అక్కడి చర్మమూ నానిపోతుంది. నానిన చర్మం ఇట్టే ఒరుసుకుపోతుంది. అందులో శిలీంధ్రాలు సులువుగా కాపురం పెడతాయి.

గోడకు తగిలించే జెట్ స్ప్రేలు ఇప్పుడు దాదాపు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నాయి. సౌకర్యమే. కానీ ధార వేగం ఎక్కువగా పెట్టి, అదేపనిగా ఒకేచోట కొడితే అది కూడా రుద్దడం కిందే లెక్క. జపాన్‌లో నీళ్లు చిమ్మే కమోడ్లు 1980 నుంచి ఇంటింటికీ చేరాయి. వాటిని అతిగా వాడినవాళ్లలో వచ్చే దురద, మంటల గురించి అక్కడి వైద్యులు ప్రత్యేకంగా రాశారు.

ప్రయాణాల్లో వాడే తడి టిష్యూలదీ ఇదే దారి. వాటిలో సువాసన కోసం, నిల్వ కోసం రసాయనాలు కలుపుతారు. మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే నిల్వ పదార్థం ఎంతమందికి ఎలర్జీ తెచ్చిందంటే, అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ నిపుణుల సంఘం 2013లో దాన్ని ‘ఆ ఏటి ఎలర్జీ కారకం’గా ప్రకటించింది. ‘పసిపిల్లలకు వాడేదే కదా, ఏం చేస్తుందిలే’ అనుకోవద్దు. దురద ఉన్నన్నాళ్లూ వాటిని పక్కన పెట్టడమే మంచిది.

ట్యూబుల పురాణం

పెదనాన్న తన బాధని మొట్టమొదట చెప్పింది మెడికల్ షాపులో కుర్రాడికి. అదీ షాపు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడి, గొంతు తగ్గించి. ఆ కుర్రాడు మాత్రం ‘పైల్సా అంకుల్?’ అని వీధి చివరిదాకా వినిపించేలా అడిగాడట. ఒక ట్యూబు ఇచ్చాడు. రెండు రోజుల్లో హాయిగా తగ్గింది. ఆపిన వారానికి రెట్టింపై తిరిగొచ్చింది. మళ్లీ ట్యూబు. ఆరు నెలల్లో ఐదు ట్యూబులయ్యాయి.

ఇలాంటి చాలా ట్యూబుల్లో స్టిరాయిడ్, యాంటీబయాటిక్, శిలీంధ్రాల మందు అన్నీ ఒకేచోట కలిపేసి ఉంటాయి. శక్తిమంతమైన స్టిరాయిడ్ మొదట దురదని మంత్రం వేసినట్టు తగ్గిస్తుంది. వారాలపాటు వాడితే అక్కడి పలచటి చర్మం ఉల్లిపొరలా మరింత పలచబడిపోతుంది. రక్తనాళాలు పైకి తేలి కనిపిస్తాయి. మందు ఆపగానే చర్మం ఎర్రబడి మండుతుంది. ఒకవేళ ఆ దురదకి కారణం తామర అయితే పరిస్థితి ఇంకా ఘోరం. వాపు, ఎరుపు తగ్గి చూడటానికి నయమైనట్టుంటుంది గానీ, లోపల శిలీంధ్రం హాయిగా పెరుగుతూ పోతుంది. చూసే డాక్టరు కూడా గుర్తుపట్టలేనంతగా తామర వేషం మార్చేస్తుంది.

మన దేశంలో గత పదేళ్లకు పైగా మొండి తామర విపరీతంగా పెరిగింది. మామూలు మందులకి లొంగని ఒక రకం శిలీంధ్రానికి 2020లో ‘ట్రైకోఫైటాన్ ఇండోటినియే’ అని పేరు కూడా పెట్టారు. ఆ పేరులో మన దేశం పేరు ఉంది, చూశారా! ఇలాంటి ట్యూబులు ఇష్టమొచ్చినట్టు వాడటం ఈ తామర ముదరడానికి ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వం 2018లో పలు స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. చీటీ అడిగే షాపులు మీ వీధిలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

నొప్పి తెలియకుండా చేసే పూతమందుల్లోని బెంజోకైన్, కొన్ని ఆయింట్‌మెంట్లలోని నియోమైసిన్ కూడా కొందరికి పడవు. దురదకని రాసిన మందే కొత్త దురద తెస్తుందన్నమాట.

పిల్లలు పళ్లు కొరుకుతున్నారంటే...

చిన్నపిల్లలు రాత్రిపూట ఆసనం దగ్గర గీరుకుంటూ, నిద్రలో అటూఇటూ దొర్లుతుంటే మొదట అనుమానించాల్సింది నులిపురుగుల్ని. పళ్లు కొరకడానికీ పురుగులకీ సంబంధం ఉందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. దానికి సరైన ఆధారం లేదు. తీపి ఎక్కువ తింటే పురుగులు పుడతాయన్నదీ అంతే. నులిపురుగు బెల్లంలోంచి రాదు, గోటి సందులోంచి వస్తుంది.

ఇది తెల్లటి దారప్పోగులా ఉంటుంది. ఆడపురుగు సెంటీమీటరు పొడవు. పిల్లాడు నిద్రపోయాక అది పేగులోంచి కిందికి పాక్కుంటూ వచ్చి, ఆసనం చుట్టూ చర్మం మీద సుమారు 10 వేల గుడ్లు పెడుతుంది. వాటి జిగురుకి దురద పుడుతుంది. పిల్లాడు గీరుకుంటాడు. గుడ్లు గోళ్లలోకి, అక్కణ్నుంచి నోట్లోకి, పక్కలోకి, తమ్ముడి బొమ్మ మీదికి చేరతాయి. పెట్టిన నాలుగైదు గంటల్లోనే అవి అంటుకోవడానికి సిద్ధమవుతాయి. బట్టల మీద, దుప్పట్ల మీద రెండు మూడు వారాలు బతుకుతాయి. కుక్కలు, పిల్లుల నుంచి ఇవి రావు. మనిషి నుంచి మనిషికే. ఆడపిల్లల్లో పురుగు ముందుకి పాకి యోని దగ్గరా దురద, మంట పుట్టిస్తుంది.

వీటిని పట్టుకోవడం తేలిక. పిల్లాడు పడుకున్న రెండు మూడు గంటలకి టార్చిలైటు వేసి చూస్తే కదులుతూ కనిపించవచ్చు. లేదా పొద్దున్నే, కడగకముందే, పారదర్శకంగా ఉండే సెలోటేపు ముక్కని అక్కడ అద్ది, గాజు పలక మీద అంటించి ల్యాబుకి ఇస్తే మైక్రోస్కోపులో గుడ్లు కనిపిస్తాయి. ఒకరోజు దొరక్కపోతే వరసగా మూడు రోజులు చూడాలి. మామూలు మల పరీక్షలో మాత్రం ఇవి తరచూ తప్పించుకుంటాయి.

మందు సులువే. ఆల్బెండజోల్ లాంటి మాత్ర ఒక మోతాదు, రెండు వారాలకి మరో మోతాదు. మొదటిది పురుగుల్ని చంపుతుంది గానీ గుడ్లని చంపలేదు. అవి పొదిగాక వచ్చే కొత్త పురుగుల కోసం రెండోది. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు పిల్లాడికొక్కడికే వేయడం. పక్కలో పడుకునే నాయనమ్మతో సహా ఇంట్లో అందరూ ఒకేరోజు వేసుకోవాలి. రెండేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ డాక్టరు చెబితేనే. ఆరోజే దుప్పట్లు, లోదుస్తులు వేడినీళ్లలో ఉతకాలి, గోళ్లు కత్తిరించాలి. కొన్నాళ్లపాటు పిల్లలకి పొద్దున్నే స్నానం చేయిస్తే రాత్రి పెట్టిన గుడ్లు కొట్టుకుపోతాయి.

‘బడిలో మాత్ర ఇచ్చారుగా’ అంటారా? 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం రోజున ఇచ్చేది ఆల్బెండజోలే. కానీ దాని ప్రధాన లక్ష్యం మట్టిలోంచి వచ్చే ఏలిక పాముల్లాంటి ఇతర పురుగులు. ఆ రోజు ఇంట్లో పెద్దలు వేసుకోరు, రెండు వారాలకి రెండో మాత్రా ఉండదు. కాబట్టి ఇంటి పని ఇంట్లోనే చేసుకోవాలి.

పిల్లల్లో ఇంకొకటి. ఆసనం చుట్టూ గీత గీసినట్టు నిగనిగలాడే ఎరుపు, విరేచనానికి వెళ్లమంటే ఏడుపు... ఇది స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ కావచ్చు. యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది. నాపీ రాష్ అనుకుని పౌడరు అద్దుతూ కూర్చోవద్దు.

అన్నీ మొలలే కావు

మన ఊళ్లలో ఆసనం దగ్గర ఏం వచ్చినా దాని పేరు మొలలే. ‘ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం’ అని బస్టాండు గోడల మీద రాతలు చూసి వెళ్లేవాళ్లకి కొదవలేదు. అర్హత లేని మనిషి అక్కడ ఏం ఇంజెక్షన్ ఇస్తున్నాడో, ఏం పూస్తున్నాడో తెలియకుండా ఒప్పుకోవడమంత ప్రమాదం మరొకటి లేదు. దురద కోసం వెళ్లి, పుండు చేసుకుని వచ్చినవాళ్లున్నారు.

మొలలు దురద తెస్తాయి, నిజమే. కానీ కత్తితో కోసినట్టు నొప్పి ఉంటే అది ఎక్కువగా ఫిషర్, అంటే చీలిక. పక్కనే చిన్న రంధ్రంలోంచి చీము, రసి కారుతుంటే భగందరం. గజ్జల్లోకి పాకే గుండ్రటి మచ్చలు తామర. మధుమేహం అదుపులో లేనివాళ్లలో తెల్లటి పూతతో ఎర్రగా మండేది క్యాండిడా. తల, మోచేతుల మీద ఉన్న సోరియాసిస్ ఇక్కడా రావచ్చు. కాకపోతే ఇక్కడ పొలుసులు లేకుండా నున్నగా, ఎర్రగా ఉంటుంది. ముట్లుడిగిన ఆడవాళ్లలో చర్మం తెల్లగా, కాగితంలా పలచబడి విపరీతంగా దురద పెడితే లైకెన్ స్క్లిరోసస్ అనే జబ్బు కావచ్చు. దానికి డాక్టరు పర్యవేక్షణలో ఎక్కువకాలం వైద్యం కావాలి. ఒళ్లంతా దురదగా ఉంటే మాత్రం కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్, రక్తహీనత సంగతి చూస్తారు.

రక్తం పడటం, గడ్డ చేతికి తగలడం, మానని పుండు, కారణం లేకుండా బరువు తగ్గడం, విరేచనం తీరు మారడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వాయిదా వేయొద్దు. అరుదుగానైనా అక్కడి చర్మానికి, పేగుకి క్యాన్సర్ వస్తుంది. నెల రెండు నెలలు సరైన వైద్యం చేసినా తగ్గని మచ్చ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షించాల్సిందే.

కాఫీ, కారం

కాఫీ, టీ, కోలా డ్రింకులు, చాక్లెట్, బీరు, టమాటా, పుల్లటి పళ్లు, కారం... ఈ దురద ఉన్నవాళ్లకి వైద్యులు చదివే జాబితా ఇది. తెలుగువాడి నోరు కట్టేసినట్టే! కంగారు పడకండి, ఇవన్నీ అందరికీ పడకపోవడం జరగదు. రెండు వారాలు మానేసి చూడాలి. తేడా కనిపిస్తే ఒక్కోటీ మళ్లీ మొదలుపెట్టి, ఏది రాగానే దురద వస్తోందో పట్టుకోవాలి. ముందుగా కాఫీతో మొదలుపెట్టడం మంచిది. అది ఆసనం దగ్గర కండర బిగువుని కాస్త సడలిస్తుందని చెబుతారు. దాంతో తెలియకుండానే తడి బయటికొస్తుంది.

కారం సంగతి తమాషాగా ఉంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ అంతా పేగులో ఇంకిపోదు. మిగిలింది బయటికి వచ్చేటప్పుడు, నోట్లో వేడిని గుర్తించే గ్రాహకాలే అక్కడా ఉన్నాయి కాబట్టి మళ్లీ మండిస్తుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే క్యాప్సైసిన్‌ని నూటికి 0.006 వంతు మాత్రమే కలిపిన క్రీముతో, మొండి దురద ఉన్న 44 మందిపై ఇజ్రాయెల్ వైద్యులు చేసిన పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. 31 మందికి ఉపశమనం దొరికింది. నాడులు మళ్లీ మళ్లీ ఆ మంట తగిలి, దురదని మోసుకెళ్లడం తగ్గిస్తాయన్నమాట. ఇది చదివి వంటింట్లోకి పరుగెత్తకండి. ఆ క్రీము కొలిచి తయారుచేసింది, మిగతావేవీ పనిచేయనివాళ్లకి డాక్టరు ఇచ్చేది.

పెదనాన్న మానేసినవి

ప్రశ్న పత్రికలో వేయలేదు. ఆయన్ని తీసుకుని ఒక సర్జన్ దగ్గరికి వెళ్లాను. వాడిన ట్యూబులన్నీ తెమ్మన్నారు. పెదనాన్న ఖాళీ ట్యూబుల్ని కూడా పారేయకుండా దాచారు కాబట్టి సులువైంది. విరేచనం ఎలా అవుతుంది, ఎలా కడుక్కుంటారు, ఏం తాగుతారు... పదినిమిషాలు ప్రశ్నలే. పరీక్షకి పట్టింది రెండు నిమిషాలు. ఎడమపక్కకి తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోమన్నారు. చేతికి గ్లౌజు వేసుకుని చూశారు. ఏడు నెలలు ఆయన భయపడింది ఆ రెండు నిమిషాల కోసం.

షుగర్ లేదు, తామర లేదు, మొలలు లేవు. చర్మం స్టిరాయిడ్‌కి పలచబడి ఉంది, నిండా గోటి గీతలు. కొత్తగా ఇచ్చినవాటికన్నా మాన్పించినవే ఎక్కువ. సబ్బు, యాంటీసెప్టిక్, గరుకు తువ్వాలు, ట్యూబు, సువాసన పౌడరు... అన్నీ బంద్. విరేచనం తర్వాత గోరువెచ్చటి లేదా మామూలు నీళ్లతో కడుక్కోవడం, పాత మెత్తటి నూలు పంచె ముక్కతో రుద్దకుండా అద్దుకోవడం, పూర్తిగా ఆరాకే బట్ట కట్టుకోవడం. ఆ తర్వాత జింక్ ఆక్సైడ్ పూత పలచగా. అది తడికీ చర్మానికీ మధ్య గోడలా ఉంటుంది. పెట్రోలియం జెల్లీ కూడా అదే పని చేస్తుంది. విరేచనం పలచగా అవుతోంది కాబట్టి రాత్రిపూట ఇసబ్‌గోల్. అది మలబద్ధకానికే అనుకుంటాం గానీ, నీటిని పీల్చుకుని పలచటి విరేచనాన్నీ గట్టిపరుస్తుంది. దురద మరీ ఎక్కువైతే బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి పదినిమిషాలు కూర్చోవడం. అందులో ఉప్పూ, పటికా ఏమీ వేయకూడదు. మరిగే నీళ్లు అసలే వద్దు. గోళ్లు పొట్టిగా కత్తిరించి, రాత్రి చేతులకి నూలు గ్లౌజులు. మొదటి పది రోజులు నిద్రపట్టడానికి ఒక యాంటీహిస్టమిన్ మాత్ర. చర్మం అంత పలచబడకపోతే, ఒక శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటి స్టిరాయిడ్‌ని వారం రెండు వారాలకి మాత్రమే రాస్తామని, పెదనాన్నకి మాత్రం అదీ వద్దని చెప్పారు.

మొదటి వారం నరకం. ట్యూబు ఆపినందుకు దురద రెట్టింపైంది. రెండుసార్లు ఫోన్ చేసి నన్నూ, డాక్టర్నీ కలిపి తిట్టారు. మూడో వారానికి రాత్రి నాలుగు గంటలు పడుకోగలిగారు. రెండు నెలలకి పడక్కుర్చీ మళ్లీ అరుగు మీదికి వచ్చింది. కాఫీ మూడు గ్లాసుల నుంచి ఒకటికి తగ్గింది, అంతకు మించి ఒప్పుకోలేదు.

డాక్టర్ దగ్గర నోరు పెగలనివాళ్లకి ఆయన ఒక ఉపాయం చెప్పారు. ‘ఆసనం దగ్గర దురద, ఇన్ని నెలలుగా, ఇవి వాడాను’ అని కాగితం మీద రాసుకెళ్లి టేబుల్ మీద పెట్టేయడమే. జనరల్ ఫిజీషియనైనా, సర్జనైనా, చర్మవైద్యులైనా ఫర్వాలేదు. ఆడవాళ్లు కావాలనుకుంటే లేడీ డాక్టర్‌నే అడగొచ్చు.

తగ్గాక పెద్దమ్మకి తనే చెప్పారట. ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తకుండా విన్నదట. తనకీ రెండో కాన్పయ్యాక రెండేళ్లపాటు అదే బాధ ఉండేదనీ, ఎవరికీ చెప్పలేదనీ అప్పుడు చెప్పింది.